ఓక్ పెట్టె మీది మడతలు

ఆ పెట్టె మూత ఎత్తిన రోజు నాకు వాంతి ఒక్కటే తక్కువ. ఎలుక ఉచ్చ, తడిసి ఎండిన గోనె, ఎప్పటిదో మైనం, అన్నీ కలిసిన కంపు. మేడ్చల్ హైవే పక్కన రేకుల షెడ్డులో ఇన్నేళ్లుగా పాలీషు పని చేస్తున్నదాన్ని, స్పిరిటు, లక్క, లప్పం వాసనలు నాకు లెక్కే కాదు. ఇది వేరు. గొంతులోకి దిగి కూర్చుంది. పెట్టె తెచ్చిన షామీర్‌పేట ఫామ్‌హౌస్ సారు మాత్రం అందులోకి వంగి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. "ఐదు వందల ఏళ్ల వాసనమ్మా ఇది" అన్నాడు. ఆ ఎలుక పోయిన వారం వరకూ బతికే ఉందని నాకనిపించింది.

నా పని గురించి చెప్పాలి, లేకపోతే నాకు ఒళ్లెందుకు మండేదో అర్థం కాదు. మా కార్ఖానాలో పాత ఫర్నిచర్ అమ్ముతారు. అంటే కొత్తగా చేసి, పాడుచేసి, పాతదని అమ్ముతారు. ఓనరు దీనికి "వయసు ఎక్కించడం" అని ముద్దుగా పేరు పెట్టుకున్నాడు. నున్నగా రందా పట్టిన బల్లను సైకిల్ చైనుతో బాదాలి. మూలలు రాయితో కొట్టి విరగ్గొట్టాలి. సన్న డ్రిల్లుతో పురుగు తొలిచినట్టు బెజ్జాలు వేయాలి. చాయ డికాక్షన్, బూటు పాలీషు, ఇంకా కళ్లలో నీళ్లు తెప్పించే ఏదో మందు, ఒకదాని మీద ఒకటి పూయాలి. చివర్న సందుల్లోకి దుమ్ము ఊదాలి. ఆ దుమ్ము షెడ్డు బయట హైవే ఉచితంగా ఇస్తుంది. వడ్రంగం చేసే వడ్లోళ్ల ఇంట పుట్టి, కట్టె మీద గీత పడితే నాయిన చేత తిట్లు తిన్నదాన్ని, అదే కట్టెను చైనుతో బాది జీతం తీసుకునేదాన్ని. ఇంటికి పోయి చేతులు ఎంత కడిగినా నాకు శుభ్రమైనట్టు ఉండేది కాదు.

అలాంటి చోటికి ఈ పెట్టె వచ్చింది. సారు దాన్ని విదేశాల నుంచి ఓడలో తెప్పించాడట. ఓక్ కట్టె, గోథిక్ కాలం చివర్లో చేసింది, ఏ చర్చిలోనో ఉండేదట, అదంతా ఆయన చెప్పిందే. నిజమో కాదో నాకేం తెలుసు. కానీ దాని వీపు పలక తడిమి చూస్తే నాకు ఒక సంగతి తెలిసింది, అది మా షెడ్డులాంటి చోట పుట్టలేదు. మా డ్రిల్లు తిన్నగా పోతుంది, పురుగు వంకరగా పోతుంది. ఈ బెజ్జాలన్నీ వంకరే.

ముందువైపు పైభాగంలో మొనదేలిన కిటికీలలాంటి చెక్కుడు ఉంది, సన్నని కమ్మీలు ఒకదానిలోంచి ఒకటి మొలిచినట్టు. కింద వరసగా పలకలు. ఒక్కో పలక మీద ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్ట చెక్కి ఉంది. నిలువుగా మడతలు, పైనా కిందా ఆ మడతల చివర్లు వంపులు తిరిగి. కంపు కొట్టే ఆ పెట్టె మీద ఆ ఒక్కటే చూడబుద్ధయ్యింది. ఒక పలక మాత్రం పురుగు తిని పూర్తిగా పోయింది, అక్కడ ఎవరో ప్లైవుడ్ ముక్క మేకులతో కొట్టారు. ఆ పలక కొత్తగా చేసి పెట్టాలన్నది సారు కోరిక.

మా ఓనరు ముందు ఆ పలకను గాజులరామారంలో మిషిన్ మీద చెక్కించుకొచ్చాడు. అది మా షెడ్డు రేకులాగా వచ్చింది. మడతలన్నీ ఒకటే ఎత్తు, ఒకటే లోతు. సారుకు కూడా నచ్చలేదు. అప్పుడు నేనే అన్నాను, మా నాయిన చెక్కుతాడని.

నాయిన అప్పటికి పని మానేసి చాలా కాలమైంది. మానేశాడనడం కంటే, పిలవడం మానేశారనాలి. మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చెక్కిన దర్వాజలు ఇంకా ఉన్నాయి, కొన్ని రోడ్డు వెడల్పులో పోయాయి. ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ ఎత్తే రోజు మాకు పండగ. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి దర్వాజ నిలబెట్టాక ఆ ఇంటి ఆడమనిషి నాయినకు బొట్టు పెట్టి, పల్లెంలో ధోతి, తువ్వాల పెట్టి ఇచ్చేది. దాన్ని మేం బట్టలు పెట్టడం అంటాం. కూలీ వేరు, బట్టలు వేరు. కూలీ తక్కువైతే నాయిన సర్దుకునేవాడు, బట్టలు పెట్టకపోతే ఆ ఇంటి గడపలో మళ్లీ అడుగు పెట్టేవాడు కాదు. తెచ్చిన బట్టలు వెంటనే కట్టుకునేవాడు కూడా కాదు. మడత చెదరకుండా అల్మారీలో దొంతరగా పెట్టి, ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించేవాడు. ఇది ఫలానా ఊరి పటేలు పెట్టింది, ఇది ఫలానా టీచరమ్మ పెట్టింది అని.

తరవాత దర్వాజలు షాపుల్లో రెడీమేడ్‌గా దొరకడం మొదలైంది. సుచిత్ర చౌరస్తా దగ్గర లారీకెత్తుకుని పోయి బిగించేస్తున్నారు. దొంతరలోని బట్టలు ఒక్కొక్కటే పెళ్లిళ్లకూ చావులకూ విప్పి కట్టుకుంటుంటే అల్మారీ ఖాళీ అయింది. అమ్మ పోయాక నాయిన నా దగ్గరికే వచ్చాడు. నా మొగుడి పాత అంగీలు తొడుక్కుంటాడు, దానికేం నామోషీ లేదు. కానీ ఆ అల్మారీ పైఅర ఇప్పటికీ తుడిచి ఖాళీగా ఉంచుతాడు. నేను అందులో డబ్బాలు పెడితే తీసేస్తాడు.

పెట్టె చూడ్డానికి షెడ్డుకు తీసుకొచ్చినప్పుడు నాయిన కంపు పట్టించుకోలేదు. పలకల ముందు గొంతుక్కూర్చుని వేలితో మడతల వెంబడి పైకీ కిందకీ రాశాడు. ఎంతసేపటికీ లేవడే. లేపుదామని దగ్గరికి పోతే నవ్వుతున్నాడు.

"గివి బట్టలు బిడ్డా. మడత జూడు, అంచు జూడు. పల్లెంల వెట్టినట్టె వెట్టిండు."

"అయితే ఏంది నాయినా?"

"ఏందంటవేంది? గా దేశంల గూడ వడ్లాయనకు బట్టలు వెడ్తరన్నట్టు. గీనెకు ఎవ్వలు వెట్టలే పాపం. ఇగ కట్టె మీద తనే చెక్కుకున్నడు."

నేను ఫోన్లో చూశాను. అది నిజంగా బట్టేనా, ఉత్త అలల చెక్కుడా అన్నది తేలలేదని, బట్ట మడత అన్న పేరు చాలా తరవాతి వాళ్లు పెట్టిందని రాసుంది. నాయినకు చదివి వినిపించాను. ఆయన ఒప్పుకుంటేనా. "రాసినోడు ఎన్నడన్న దర్వాజ ఎత్తిండా?" అన్నాడు. ఇంటికి పోతూ దారిలో మాత్రం మెల్లగా అన్నాడు, "ఒక్కపారి, ఇంకొక్కపారి ఎవలన్న బొట్టు వెట్టి బట్టలు వెడ్తె సాలు బిడ్డా. ఇగ ఉలి కింద వెడ్త." ఆ మాట విన్నాక నాకు ఆ పెట్టె మీది కోపం కొంచెం తగ్గింది.

ఓక్ పలక జీడిమెట్ల వైపు కట్టె డిపో నుంచి తెప్పించారు. ఆ కట్టెతో నాయినకు మొదటి రోజే తగువు. "టేకు మాట ఇంటది. గిది మొండిది, ఉలిని ఎదురు నూకుతాంది" అని దాన్ని తిట్టేవాడు. చేతికి వణుకు ఉంది. ఉలి పట్టుకున్నా వణుకు పోయేది కాదు, కాస్త తగ్గేది, అంతే. నేను పలకను ఒళ్లోకి అదిమి పట్టుకునేదాన్ని, ఆయన ఊపిరి బిగబట్టి ఒక్కో పొర తీసేవాడు. మధ్యలో ఒక మడత కొంచెం పక్కకు పోయింది. సరిచేద్దామని చూసి వదిలేశాడు. "బట్ట గద, గంత తిన్నగ ఏడుంటది" అన్నాడు. అయినా ఆ రోజు అన్నం సరిగా తినలేదు. పూర్తయ్యాక పలకను గోడకు ఆనించి, దూరం నుంచి చూసి, అంచును చొక్కా కొసతో తుడిచాడు.

సారు వచ్చి చూశాడు. వేలితో గీరాడు. "బాగుంది పెద్దాయనా, కానీ ఫ్రెష్‌గా ఉంది. మిగతావాటితో కలవట్లేదు. వయసు ఎక్కించండి" అన్నాడు. మా ఓనరు నా వైపు చూశాడు. ఆ పని నాదే కదా.

ఇది నేను చెయ్యనని నోటి దాకా వచ్చింది. మింగేసి, అదే అదనని నాయిన కోరిక బయటపెట్టాను. "సార్, పెట్టె నిలబెట్టే రోజు మా నాయినకు బట్టలు పెట్టాలె. మా ఆనవాయితీ. ధోతి తువ్వాల చాలు, కొత్తవి, మేడం చేత్తో."

"వై నాట్! ఇది మన కల్చర్ అమ్మా. ఆదివారం అందరినీ పిలుస్తున్నా, ఫొటోగ్రాఫర్ ఉంటాడు, అందరి ముందే పెడదాం" అన్నాడు. నాయిన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆ సాయంత్రం నాయిన చెక్కిన పలక మీద చైను ఎత్తాను. ఆయన్ని చాయకు పంపించాను. పోతూ పోతూ "మెల్లగ కొట్టు" అన్నాడు, అంతే. మెల్లగా కొడితే గుంట పడదు. కొట్టాను. బెజ్జాలు వేశాను. ఆ మందు పూస్తుంటే కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారాయి, తుడుచుకుందామంటే చేతులకూ అదే అంటి ఉంది. నాయిన తిరిగి వచ్చేసరికి పలక నల్లబడి, గజ్జి పట్టినట్టు తయారైంది. ఆయన దాని వైపు చూడకుండా పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. నాకు నా మీద, ఓనరు మీద, ఆ సారు మీద, ఓడలో పెట్టె పంపినవాడి మీద కూడా రోత పుట్టింది.

ఆదివారం నాయిన తెల్లారకముందే లేచి గడ్డం గీసుకున్నాడు. ఉతికిన ధోతి కట్టాడు. అల్మారీ పైఅర మళ్లీ తుడిచాడు. షామీర్‌పేటలో ఆ ఫామ్‌హౌస్ మేడ మీద నుంచి చెరువు కనిపిస్తుందట, మమ్మల్ని మేడ మీదికి ఎవరూ పిలవలేదు గనక నాకు తెలియదు. లోపలికి అడుగు పెట్టగానే మసాలా, సెంటు, ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్ కుర్చీల వాసన. అన్నం తినమని వంటవాళ్లు అన్నారు. నాయిన ఒప్పుకోలేదు. "బట్టలు వెట్టినంక తింట" అన్నాడు. గోడవారన నిలబడ్డాం.

పెట్టెను వాకిట్లోనే పెట్టారు. వచ్చినవాళ్లు దాన్ని చూసి ఆహా అనడం, చేతిలోని గ్లాసు దాని మీదే పెట్టి లోపలికి పోవడం. మూత మీద గుండ్రని తడి మరకలు, కబాబు పుల్లలు, తిని పారేసిన ప్లేట్లు. ఒకాయన వేళ్లకంటిన చట్నీని ఎక్కడ తుడవాలా అని అటూ ఇటూ చూసి, పెట్టె ముందు పలకకు రాశాడు. నాయిన పలకకే. పచ్చని చట్నీ మడతల సందుల్లోకి దిగింది. నేను పోబోతే నాయిన నా కొంగు పట్టుకున్నాడు. సారు మైకు తీసుకుని చెబుతున్నాడు, "ఐదు వందల ఏళ్ల నాటిది, ఒక్క ముక్క కూడా మార్చలేదు, ఎలా ఉందో అలాగే". అందరూ చప్పట్లు కొట్టారు. నాయిన కూడా కొట్టాడు.

బట్టల సంగతి సారు మర్చిపోయాడు. ఫొటోగ్రాఫరు వచ్చి "సార్, ఆ కార్పెంటర్‌కి ఏదో ఇస్తామన్నారు" అని గుర్తు చేసినప్పుడు ఆయన మొహం చూస్తూనే నాకు అర్థమైంది. భార్యను పక్కకు పిలిచి గుసగుసలాడాడు. ఆమె మెట్లెక్కి పైకి పోయింది. దిగి వచ్చేటప్పుడు పల్లెంలో ఒక అంగీ, నీటుగా మడతపెట్టింది, మీద రెండు అరటిపండ్లు. ధోతీ లేదు, తువ్వాలా లేదు. సరే, అంగీ అయితే ఏం, కొత్తదైతే చాలనుకున్నాను. ఆమె వేలి కొసతో అంటీ అంటనట్టు నాయినకు బొట్టు పెట్టి, వెంటనే ఆ వేలిని టిష్యూతో తుడుచుకుంది.

నాయిన రెండు చేతులా అంగీ అందుకున్నాడు. బొటనవేలితో బట్ట అంచు ఒకసారి రాశాడు. తరవాత కళ్లకద్దుకున్నాడు.

"అంకుల్, ఒక్క నిమిషం. మేడంకు వెనక్కి ఇచ్చెయ్యండి, మళ్లీ తీసుకోండి. కళ్లకు పెట్టుకునేది రాలే" అన్నాడు ఫొటోగ్రాఫరు. నాయిన వెనక్కి ఇచ్చాడు, మళ్లీ తీసుకున్నాడు, మళ్లీ కళ్లకద్దుకున్నాడు. పెట్టె కూడా ఫొటోలో పడాలని ఆయన్ని భుజం పట్టుకుని జరిపారు. అన్నం తినకుండానే బయటపడ్డాం, ఆకలి లేదన్నాడు నాయిన.

మేడ్చల్ ఆటోలో అంగీ ఆయన ఒళ్లో ఉంది. చూస్తానని చెయ్యి చాపితే "ఇంటికి పొయ్యినంక" అన్నాడు. నేను ఆగేదాన్నా. లాక్కుని మడత విప్పాను.

కాలరు లోపల చెమట గీత. ఎన్ని సార్లు ఉతికినా పోని పసుపుపచ్చ గీత. చంకల్లో బిరుసు. సెంటు వాసన, దాని కింద ఆ మనిషి వాసన. జేబులో ఏదో గుచ్చుకుంటే తీశాను. పళ్లు కుట్టుకునే పుల్ల, కొస నలిగి ఉంది, ఉతుకుడులో మెత్తబడిన సోంపు గింజలు దానికి అంటుకుని ఉన్నాయి. ఇంకొకడి నోట్లోది. దాన్ని మా నాయిన రెండు సార్లు కళ్లకద్దుకున్నాడు.

"అన్నా, ఆటో తిప్పు" అని అరిచాను. "తిప్పు, వాని మొఖాన కొట్టొస్త. ఇన్నొద్దులు కొత్తయి పాడుజేసి పాతయని ఇచ్చినం, ఇయ్యాల పాతది కొత్తదని పెట్టిండు లంగ!" ఆటో అతను వేగం తగ్గించి అద్దంలో చూశాడు.

"పోనియ్యి బిడ్డా" అన్నాడు నాయిన, ఆటో అతనితో కాదు, నాతో. "నాకెరికె. చేతుల పడంగనె తెల్సింది. కొత్తబట్టకు గంజి ఉంటది. గిది చల్లగ, మెత్తగ వడ్డది."

"ఎరికుండి కండ్లకెట్ల అద్దుకున్నవ్ నాయినా?"

"అందరు జూస్తుండ్రి గద."

నా వేళ్ల మధ్య నుంచి పుల్ల తీసుకుని రోడ్డు మీదికి పారేశాడు. జేబు తిరగేసి సోంపు గింజలు దులిపాడు. చెయ్యి ధోతికి తుడుచుకున్నాడు. "ఇగ మడతవెట్టు" అన్నాడు. "ఎట్లుండెనో గట్లనె. కాలరు లోపటికి పోవాలె." గతుకుల్లో ఆటో ఎగురుతుంటే ఒళ్లో పెట్టుకుని మడతపెట్టాను. కాలరు వంకరగా వచ్చింది. ఆయన విప్పి, మళ్లీ తనే మడిచాడు, అంచుకు అంచు కలిపి, బొటనవేలితో మడత రుద్ది.

ఇప్పుడది అల్మారీ పైఅరలో ఉంది. ఆ మర్నాడే ఉలి, సుత్తి నూనె రాసి గోనెలో చుట్టి అటక మీదికి ఎక్కించేశాడు, అన్న మాట ప్రకారం. చుట్టాలు వస్తే నాయిన అల్మారీ తలుపు తీసి దూరం నుంచే చూపిస్తాడు. షామీర్‌పేటలో గొప్ప ఇంట్లో, అంతమంది ముందు, బొట్టు పెట్టి పెట్టారని చెబుతాడు. ఎవరైనా చెయ్యి చాపితే మాత్రం ఒప్పుకోడు. "ముట్టకుండ్రి, మడత చెదురుతది" అంటాడు. వాళ్లు నా వైపు తిరుగుతారు, మంచి బట్టే పెట్టినట్టున్నారే అని.

"మస్తు మంచి బట్ట" అంటాను నేను. లోపలికి పోయి, సింకులో ఉమ్మి, వాళ్లకు చాయ పెడతాను.